రౌండ్ బేలర్: నెట్ బేలుకి కాకుండా రబ్బరు రోలరుకే చుట్టుకుంటోంది, ఎడమ అంచు కూడా కప్పడం లేదు

ఎండుగడ్డి_బేలు

అందరికీ నమస్కారం అండీ. మాది బెల్టుల రకం రౌండ్ బేలర్, అంటే గడ్డిని గుండ్రటి కట్టలుగా (బేళ్లుగా) చుట్టి, విడిపోకుండా పైన ప్లాస్టిక్ వల (నెట్) వేసే మిషన్. బేలు తయారయ్యే చాంబర్ వెడల్పు 1.2 మీటర్లు, నెట్ వెడల్పు 1.23 మీటర్లు, రోల్ పొడవు 3000 మీటర్లు. నెట్‌ని లోపలికి లాగేవి ఒక స్టీలు రోలరు, దానికి ఆనుకుని ఒక రబ్బరు రోలరు. నెట్ వేయడం మొదలుపెట్టించడానికి 12 వోల్టుల యాక్చుయేటర్ (కరెంటుతో కదిలే చెయ్యి) ఉంది. కత్తి స్ప్రింగు బలంతో పడి కోసే రకం.

పాత రోల్ ఉన్నంతకాలం బాగానే నడిచింది. కొత్త రోల్ ఎక్కించాక నెట్ కాస్త వదులుగా పడుతున్నట్టు కనిపించి నెట్ రోల్‌ని పట్టి ఉంచే బ్రేకు స్ప్రింగు నట్టు మూడు చుట్లు బిగించాం. అప్పటినుంచి రెండు ఇబ్బందులు. ఒకటి, నెట్ వేయమని మానిటర్ చెబుతుంది, యాక్చుయేటర్ కదులుతుంది, మానిటర్‌లో నెట్ చుట్ల లెక్క కూడా పూర్తవుతుంది. గేటు తెరిస్తే బేలు మీద నెట్ ఉండదు, మొత్తం రబ్బరు రోలరుకి చుట్టుకుని ఉంటుంది. పొద్దున పూట తక్కువ, మధ్యాహ్నం ఎండెక్కాక ఎక్కువ. రెండోది, నెట్ సరిగ్గా పడిన బేళ్ల మీద కూడా ఎడమవైపు ఏడెనిమిది సెంటీమీటర్లు గడ్డి బయటికే ఉంటోంది.

రబ్బరు రోలరు గుడ్డతో తుడిచాం. తేడా లేదు. ఎక్కడినుంచి మొదలుపెట్టి చూసుకోవాలి?

కత్తి_రోలరు

ముందు జాగ్రత్త సంగతి. రోలరుకి చుట్టుకున్న నెట్ తీయడానికి చెయ్యి పెట్టేముందు పీటీఓ (ట్రాక్టర్ నుంచి బేలర్‌ని తిప్పే షాఫ్టు) తప్పించి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. వెనక గేటు తెరిచి కింద పనిచేస్తుంటే గేటు కిందికి పడకుండా ఆపే సిలిండర్ లాక్ వాల్వు మూసి తీరాలి. ఇంజన్ ఆగినా కత్తికి స్ప్రింగు బలం అలాగే ఉంటుంది. దానికి లాక్ పిన్ను ఉంటే పెట్టండి, లేకపోతే కత్తి పడే దారిలో వేళ్లు పెట్టకండి.

ఇక విషయానికి వస్తే, "నెట్ పడలేదు" అనే ఒక్క మాటలో మూడు వేరువేరు లోపాలు దాగి ఉంటాయి. నెట్ అసలు రోలర్ల మధ్యనుంచి బయటికి రాకపోవడం ఒకటి. వచ్చి, బేలుని అందుకోకుండా రోలరు వెంట వెనక్కి తిరగడం రెండోది. బేలుని అందుకుని మధ్యలో తెగిపోవడం మూడోది. మీది స్పష్టంగా రెండోది. అంటే రోలరుని తిప్పే బెల్టు, యాక్చుయేటర్, రెండు రోలర్ల పట్టు, ఇవన్నీ కనీసం నెట్‌ని బయటికి తోసేంతవరకు పనిచేస్తున్నాయి. లోపం ఆ తర్వాతి కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉంది.

మానిటర్ లెక్క పూర్తయిందని నమ్మకండి. చాలా మిషన్లలో సెన్సర్ లెక్కపెట్టేది నెట్ నడిచే రోలరు తిరుగుళ్లనే. నెట్ బేలుకి చుట్టుకున్నా, రబ్బరుకి చుట్టుకున్నా దానికి ఒకటే. నమ్మదగ్గ గుర్తు నెట్ రోల్ వేగం. మొదట రోలర్లు తోసినంత నెమ్మదిగా తిరుగుతుంది. బేలు నెట్‌ని పట్టుకున్న క్షణాన ఒక్కసారిగా వేగం పెరుగుతుంది. ఆ వేగం పెరగకపోతే వెంటనే ఆపేయండి, అప్పటికి నాలుగైదు మీటర్లే చుట్టుకుని ఉంటుంది. లెక్క పూర్తయ్యేదాకా వదిలేస్తే నెట్ దిమ్మలా బిగిసిపోయి, రబ్బరు రోలరు షాఫ్టుని వంచే దాకా వస్తుంది.

నెట్ రబ్బరుని వదలకపోవడానికి ఉండే కారణాల్లో నేను మొదట చూసేది నెట్ కొస. ముందు బేలు దగ్గర కత్తి కోసిన తర్వాత రోలర్ల కింద వేలాడే అంచు అది. అది ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే పొడవులో, తిన్నగా ఉండాలి. ఒక పక్క దారాలు పోగులు పోగులుగా పొడుగ్గా వేలాడుతుంటే, తర్వాతి బేలుకి రోలర్లు తిరగడం మొదలవగానే ఆ పోగులే ముందు రబ్బరుకి అంటుకుని వెనక్కి తిరుగుతాయి, మిగతా నెట్‌ని వెంట లాక్కుపోతాయి. ఈ బేలుకి నెట్ ఎందుకు పడలేదో తెలియాలంటే దీనికి ముందు బేలు దగ్గర కత్తి ఎలా కోసిందో చూడాలి. చాలామంది ఈ రెండూ వేరే సమస్యలనుకుని రోలరుతోనే కుస్తీ పడుతుంటారు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని: ఒక బేలు సవ్యంగా కట్టి దించాక, మిషన్ పూర్తిగా ఆపి, నెట్ కొసని ఫోటో తీయండి. అలాగే బేలు మీద ఎడమ, కుడి అంచుల్లో ఎంతెంత గడ్డి బయట ఉందో, నెట్ ఈ అంచునుంచి ఆ అంచుకి ఎంత వెడల్పు ఉందో టేపుతో కొలిచి చెప్పండి. కొలిచేదాకా ఏ నట్టూ కదపకండి.

పీటీఓ540

కొలతలు వచ్చేలోపు డ్రైవింగు వైపు రెండు మాటలు.

నెట్ వేసేటప్పుడు పీటీఓ వేగం తగ్గిస్తున్నారా? చాలామంది బేలు నిండిన హారన్ మోగగానే ట్రాక్టర్ ఆపుతూ, అలవాటుగా ఇంజన్ వేగమూ తగ్గించేస్తారు. ట్రాక్టర్ ముందుకు కదలడం మాత్రమే ఆగాలి, పీటీఓ నిమిషానికి 540 తిరుగుళ్ల దగ్గరే ఉండాలి. బెల్టుల వేగం పడిపోతే నెట్ కొసని బేలు దగ్గరికి మోసుకెళ్లేది ఏదీ ఉండదు, అది రబ్బరు దగ్గరే తచ్చాడుతుంది. ఇంకో తప్పు, నెట్ మొదలయ్యాక కూడా పికప్ (నేల మీది గడ్డిని లోపలికి ఎత్తే భాగం) గడ్డిని తింటూ ఉండటం. లోపలికి వస్తున్న గడ్డి నెట్ కింద, నెట్ పైన కూడా పడి ముద్దగా తయారవుతుంది. నెట్ మొదలవకముందే పికప్ ముందు గడ్డి ఖాళీ అవ్వాలి.

వోల్టేజీ కూడా చూడండి. ట్రాక్టర్ దగ్గర కాదు, బేలర్ చివర యాక్చుయేటర్ కనెక్టర్ దగ్గర, అదీ యాక్చుయేటర్ కదులుతున్నప్పుడు. కదలకుండా ఉన్నప్పుడు ఎంత చూపించినా ఉపయోగం లేదు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.4 వోల్టులు ఉంటాయి. లోడు మీద బేలర్ చివర అంతకంటే ఒక వోల్టుకి మించి పడిపోతుంటే మధ్యలో ఎక్కడో తుప్పు పట్టిన కనెక్టర్, సన్నటి వైరు, లేదా వదులైన ఎర్తు ఉన్నట్టే. బేలర్ కరెంటు వైరు నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజుతో వెళ్లాలి. లైటర్ సాకెట్ నుంచి తీసుకున్నవాళ్లకి ఎండలో యాక్చుయేటర్ నీరసించడం మామూలే.

గడ్డివాము

బ్రేకు మూడు చుట్లు బిగించామన్నారు కదా, ఎడమ అంచు సంగతి అక్కడే ఉండొచ్చు.

నెట్ అల్లిక దగ్గరగా పెట్టి చూడండి. పొడవునా వెళ్లే గొలుసు దారాలు ఉంటాయి, వాటి మధ్య వంకరటింకరగా అటూ ఇటూ తిరిగే అడ్డ దారాలు ఉంటాయి. పొడవు వైపు లాగితే ఆ వంకర్లు సాగి, గొలుసులు ఒకదానికొకటి దగ్గరికి వస్తాయి. అంటే పొడవు పెరుగుతుంది, వెడల్పు తగ్గుతుంది. బ్రేకు ఎంత గట్టిగా పడితే నెట్ అంత సన్నబడుతుంది. "అంచులు కప్పడం లేదు, ఇంకొంచెం బిగిద్దాం" అని బిగించేకొద్దీ ఇంకా ఎక్కువ గడ్డి బయటపడుతుంది.

కొత్త రోల్ ఎక్కించాక వదులుగా అనిపించడానికి కూడా కారణం ఉంది. బ్రేకు పట్టేది రోల్ ఇరుసుని, లాగేది రోల్ పైపొరని. నిండు రోల్ అడ్డుకొలత 28 సెం.మీ. అనుకుందాం, లోపలి అట్ట గొట్టం బయటి అడ్డుకొలత 9 సెం.మీ. బ్రేకు అంతే ఉన్నా, నిండు రోల్ దగ్గర నెట్ మీద పడే లాగుడు తక్కువ, రోల్ అయిపోయేసరికి దాదాపు మూడు రెట్లు. మీరు అయిపోవస్తున్న పాత రోల్ బిగువుకి అలవాటుపడి, కొత్త నిండు రోల్‌ని అదే బిగువుకి తెచ్చారు. ఈ రోల్ తగ్గేకొద్దీ ఇంకా సన్నబడుతుంది, ఆఖర్లో తెగడం కూడా మొదలవుతుంది.

ఈ తేడాని సరిచేయడానికి చాలా బేలర్లలో రోల్ మీద ఆనుకుని ఉండే ఒక చెయ్యి ఉంటుంది. రోల్ సన్నబడేకొద్దీ ఆ చెయ్యి దిగి, బ్రేకు స్ప్రింగుని వదులు చేస్తుంది. దాని కీలు దగ్గర దుమ్ము, తుప్పు చేరి బిగుసుకుపోతే స్ప్రింగు ఎప్పుడూ ఒకే పట్టులో ఉంటుంది. మీ మిషన్‌కి అది ఉంటే చేత్తో పైకి కిందికి ఆడించి చూడండి. బ్రేకు అరుగు ముక్కల మీద గ్రీజు, నూనె పడినా పట్టు జారుతుంది. అప్పుడు స్ప్రింగు బిగించి లాభం లేదు, ముక్కలు మార్చాలి.

బ్రేకుని ముందు మాన్యువల్లో ఉన్న స్ప్రింగు పొడవుకి తెండి. నట్టు చుట్లు లెక్క కాదు, స్ప్రింగు పొడవు మిల్లీమీటర్లలో కొలవాలి. అక్కడినుంచి ఒకసారికి అర చుట్టు మాత్రమే మార్చి, రెండు మూడు బేళ్లు కట్టి చూడాలి.

ఎండుగడ్డి_బేలు

చాలా థ్యాంక్స్ అండీ. అడిగినవి కొలిచాం.

బేలు వెడల్పు 1.2 మీటర్లు. దాని మీద నెట్ వెడల్పు 1.10 మీటర్లు. ఎడమవైపు 7 సెం.మీ. గడ్డి బయట ఉంది, కుడివైపు కూడా 3 సెం.మీ. ఉంది, కుడివైపుది ఇన్నాళ్లూ గమనించలేదు. నెట్ కొస కుడివైపు, మధ్యలో తిన్నగానే ఉంది. ఎడమ చివర జానెడు వెడల్పున దారాలు తెగకుండా సాగి, పోగులుగా వేలాడుతున్నాయి. పీటీఓ 540 దగ్గరే ఉంచుతున్నాం. యాక్చుయేటర్ దగ్గర కదులుతున్నప్పుడు 13.1 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.9.

రబ్బరు రోలరు పట్టుకుంటే వేళ్లకి కొంచెం జిగురుగా తగులుతోంది. ఇంతకు ముందు దాన్ని డీజిల్ గుడ్డతో తుడిచాం.

కత్తి_రోలరు

ఈ కొలతలతో సగం పని తేలిపోయింది. కరెంటు వైపు అనుమానం అక్కర్లేదు, 0.8 వోల్టుల తేడా పరవాలేదు.

వెడల్పు లెక్క చూడండి. 1.23 మీటర్ల నెట్ 1.10 అయింది, అంటే 13 సెం.మీ. సన్నబడింది. గడ్డివాము గారు చెప్పిన బ్రేకు బిగువే దీనికి కారణం. రెండు పక్కలా కలిపి 10 సెం.మీ. బయట ఉంది కాబట్టి నెట్ నడిమధ్యన పడితే చెరో 5 ఉండాలి. మీకు 7, 3 ఉన్నాయి. నెట్ 2 సెం.మీ. కుడికి జరిగి పడుతోంది. రోల్ పెట్టెలో చివర్ల గ్యాప్ కొలవండి, రెండు వైపులా సమానంగా ఉండాలి. అట్ట గొట్టం చివర నలిగి, ఇరుసు దిమ్మలో పూర్తిగా కూర్చోకపోయినా ఇంతే జరుగుతుంది. నెట్‌ని వెడల్పుగా పరిచే రోలరు మీద మధ్యనుంచి రెండు వైపులకీ తిరిగే మెలి గట్లు ఉంటాయి. ఆ గాళ్లలో పొట్టు, పాత దారాలు పేరుకుంటే ఆ పక్క పరవదు. ఎడమవైపు గాళ్లు ప్రత్యేకంగా చూడండి.

ఇక అసలు దొంగ ఎడమ చివర పోగులు. కత్తి ఎడమవైపు పూర్తిగా పడటం లేదు, లేదా ఆ పక్క మొద్దుబారింది. కత్తి నెట్‌ని కోయాలంటే రెండు కావాలి: కత్తికి పదును, నెట్‌కి బిగువు. నెట్ బేలు వైపు లాగబడుతూ, ఇటు బ్రేకు పట్టుకుని ఉంటేనే కత్తి పళ్లు దారాల్లోకి దిగుతాయి. మీకు బ్రేకు ఎక్కువే ఉంది కాబట్టి బిగువు కొరత కాదు. కత్తినే చూడాలి.

కత్తి చేయి రెండు చివరలా ఉన్న బుష్‌లు ఊపి చూడండి. ఎడమ బుష్ అరిగి లూజు ఉంటే కత్తి ఏటవాలుగా పడుతుంది. కత్తి ఆనే దిమ్మ మీద గట్టిపడిన పొట్టు ఉంటే ఆ పక్క పూర్తిగా దిగకముందే ఆగిపోతుంది, మూలల్లో ఇది బాగా పేరుకుంటుంది. తర్వాత పళ్లు. ఒక నెట్ ముక్కని రెండు చేతులతో బిగించి, లాక్ పెట్టి ఉన్న కత్తి పళ్ల మీద నెమ్మదిగా ఆనించండి. తోలు గ్లోవ్స్ వేసుకోవాలి. కుడి చివర దారాలు ఆనగానే తెగి, ఎడమ చివర సాగుతుంటే కత్తి ఆ పక్క అయిపోయినట్టే. వంగిన పళ్లని ఆకురాయితో సరిచేసినా ఎక్కువ కాలం నిలవదు, కత్తి మార్చడమే మేలు. సాన పెట్టేట్టయితే ఏటవాలు ఉన్న వైపు మాత్రమే పట్టాలి, చదును వైపు ముట్టుకోకూడదు.

కత్తి కీళ్లకి గ్రీజు పూయకండి. గ్రీజు పొట్టుని పట్టుకుని పేస్టులా మారి కత్తినే ఆపుతుంది. మాన్యువల్లో గ్రీజు నిపుల్ ఉన్న చోట తప్ప, మిగతా కీళ్లకి ఆరిపోయే రకం డ్రై లూబ్రికెంట్ వాడాలి.

రబ్బరు జిగురుకి కారణం డీజిలే. డీజిల్, పెట్రోల్, కిరసనాయిల్ లాంటివి రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. మధ్యాహ్నం ఎండకి ఆ మెత్తదనం ఇంకా పెరుగుతుంది. పొడి గాలిలో నెట్, రబ్బరు రాసుకుని పుట్టే స్టాటిక్ కరెంటు కూడా తోడవుతుంది. పొద్దున గాలిలో కాస్త చెమ్మ ఉంటుంది కాబట్టి అది నిలవదు. మీకు ఎండెక్కాకే ఎక్కువ అవడానికి ఈ రెండూ కలిసి వస్తున్నాయి. గోరువెచ్చటి సబ్బు నీళ్లతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, టాల్కం పౌడరు గుడ్డతో పలచగా పట్టించండి.

బెల్టు_బేరింగు

టాల్కం విషయంలో ఒక సవరణ. పలచగా అంటే నిజంగా పలచగానే. తెల్లగా కనిపించేంత వేస్తే రబ్బరు పట్టు జారి, ఈసారి నెట్ అసలు బయటికే రాదు. అప్పుడు వేరే సమస్య అనుకుని మళ్లీ మొదటినుంచి వెతుకుతారు. పౌడరు వేశాక బొటనవేలితో రుద్దితే వేలికి తెలుపు అంటీ అంటనట్టు ఉండాలి. ఇది తాత్కాలికం కూడా. డీజిల్‌తో ఉబ్బిన రబ్బరు పగుళ్లు చూపిస్తుంటే, మధ్యలో లావుగా చివర్లలో సన్నగా తయారైతే, రోలరు మార్చాల్సిందే.

మార్చాలా వద్దా తెలుసుకోవడానికి కాగితం పరీక్ష చేయండి. పాత పేపరుని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా చించి, రబ్బరు, స్టీలు రోలర్ల మధ్య ఎడమ చివర ఒకటి, మధ్యలో ఒకటి, కుడి చివర ఒకటి దూర్చి ఒక్కొక్కటీ లాగండి. మూడూ ఒకే బరువుతో రావాలి. ఒక పక్క సులువుగా వచ్చేస్తే ఆ వైపు స్ప్రింగు వదులైంది, లేదా ఆ చివర బేరింగు పోయింది. పట్టు ఎక్కువ ఉన్న పక్క నెట్ ముందు నడిచి, రెండో పక్క వెనకబడుతుంది. మీ నెట్ 2 సెం.మీ. కుడికి జరగడంలో దీని వాటా కూడా ఉండొచ్చు.

చుట్టుకున్న నెట్‌ని కోసేటప్పుడు మామూలు కట్టర్ బ్లేడు వాడకండి. రబ్బరు మీద గాటు పడిందంటే, తర్వాత ప్రతి నెట్ కొసా ఆ గాట్లోనే ఇరుక్కుంటుంది. కొక్కెం ఆకారంలో ఉండి లోపలి అంచు మాత్రమే కోసే బ్లేడు దొరుకుతుంది. దాని కొక్కేన్ని నెట్ కింద దూర్చి, పైకి ఎత్తుతూ, రోలరు పొడవునా ఈ చివరనుంచి ఆ చివరకి కోసుకుపోవాలి. నిప్పుతో కాల్చి తీయడం మాత్రం వద్దే వద్దు. చుట్టూ ఎండు పొట్టు ఉంటుంది, కరిగిన ప్లాస్టిక్ రబ్బరుకి అతుక్కుంటుంది.

కోసిన ముక్కలన్నీ ఏరి సంచిలో వేయండి. గడ్డి వరసలో పడితే పికప్ మళ్లీ ఎత్తి బేలులోకి పంపుతుంది, అక్కడినుంచి పశువు కడుపులోకి. అది అరగదు, పెద్ద కడుపులో ఉండలు కడుతుంది.

ఇంకో చోటు చూడాలి. ఇన్ని సార్లు నెట్ చుట్టుకుందంటే రోలర్ల చివర్లలో, బేరింగుకీ గోడకీ మధ్య దారాలు దూరి ఉంటాయి. పైకి కనపడవు. అవి బేరింగు సీలుని కోసి, గ్రీజు బయటికి పోయి, బేరింగు వేడెక్కుతుంది. ఎండు పొట్టు మధ్య వేడెక్కిన బేరింగు అంటే బేలర్ కాలిపోవడానికి అంతకంటే అక్కర్లేదు. ఒక గంట పనిచేశాక మిషన్ ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు చివర్ల బేరింగులు కొలవండి. ఒకే రోలరు రెండు చివర్ల మధ్య బాగా తేడా కనిపిస్తే వేడి ఎక్కువ ఉన్నది విప్పి చూడాలి. మిషన్ మీద నిప్పు ఆర్పే సిలిండర్ ఉంచుకోండి.

పీటీఓ540

బేలు ఆకారం కూడా అడగాలి. అంచులు గట్టిగా ఉన్నాయా, లేక మధ్యలో ఉబ్బి పీపాలా ఉందా? గడ్డి వరస పికప్ కంటే సన్నగా ఉండి ఎప్పుడూ మధ్యలోనే తింటుంటే అంచులు బోలుగా తయారవుతాయి. అక్కడ బేలు ఉపరితలం బెల్టుకి గట్టిగా తగలదు, నెట్ కొస ఆ పక్క అందదు. వరస సన్నగా ఉంటే కొంతసేపు ఎడమ అంచుకి, కొంతసేపు కుడి అంచుకి తినిపించుకుంటూ నడపాలి. చకచకా పాములా మెలికలు తిరగడం కాదు, ఒక పక్క కొన్ని మీటర్లు నిలిపి, తర్వాత రెండో పక్కకి మారాలి. మానిటర్‌లో ఎడమ, కుడి బార్లు ఉంటే వాటిని సమానంగా ఉంచండి.

బేలు మీద నెట్ ఎన్ని చుట్లు వేయాలనే సంగతి. లోపల కప్పు కింద పెట్టే మెత్తటి ఎండుగడ్డికి 2 చుట్లు చాలు. బయట ఉంచేదైతే 2.5 నుంచి 3. వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప లాంటి జారే, గుచ్చుకునే రకాలకి 3 లేదా పైన. బేలు వదులుగా ఉందని బ్రేకు బిగించేకంటే నెట్ అర చుట్టు పెంచడం మంచిది. వదులుగా అనిపించడానికి అసలు కారణం బేలు సాంద్రత తక్కువవడం కూడా కావచ్చు. మెత్తటి బేలు చాంబర్ బయటికి రాగానే ఉబ్బుతుంది, నెట్ దాని ఒత్తిడికి సాగుతుంది. ముందు బెల్టుల ప్రెషర్ చూసుకుని, ఆ తర్వాతే నెట్ వైపు రావాలి.

ఎండుగడ్డి_బేలు

అందరికీ ధన్యవాదాలు. ఏది ముందు చేయాలో వరస కూడా చెబితే బాగుంటుంది. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు కదా.

కత్తి_రోలరు

కత్తి ముందు. బుష్, దిమ్మ, పళ్లు సరిచేసి, రోలరు సబ్బు నీళ్లతో కడగండి. కడగడం ఎలాగూ చేయాల్సిందే, దాన్ని విడిగా పరీక్షించక్కర్లేదు. ఇప్పుడున్న నెట్ కొసని కత్తెరతో చివరనుంచి చివరకి తిన్నగా కత్తిరించి, వేలాడే పొడవు మాన్యువల్లో ఇచ్చిన కొలతకి తెండి. మరీ పొట్టిగా ఉంటే రోలర్ల మధ్యే ఉండిపోతుంది, మరీ పొడుగైతే గాలికి ఎగిరి రబ్బరు మీదికి వాలుతుంది. బ్రేకు ముట్టుకోకుండా కొన్ని బేళ్లు కట్టి, ప్రతిసారీ కొస చూడండి. ఎడమ పోగులు పోతే రోలరుకి చుట్టుకోవడం కూడా చాలామటుకు ఆగాలి.

అది ఆగాకే బ్రేకు. ముందే వదులు చేస్తే బిగువు తగ్గి, సగం మొద్దుబారిన కత్తి ఇంకా పోగులు వదులుతుంది, చుట్టుకోవడం ఎక్కువవుతుంది. అప్పుడు బ్రేకుదే తప్పని మళ్లీ బిగిస్తారు. స్ప్రింగు మాన్యువల్ పొడవుకి తెచ్చి బేలు మీద నెట్ వెడల్పు కొలవండి. 1.10 నుంచి 1.18, 1.20 దాకా వస్తే అక్కడ ఆగిపోండి. కత్తి ఇంకా తిన్నగా కోస్తోందా అని కొస మరోసారి చూసుకోవాలి. తిన్నగా కోస్తూ, అంచులు కప్పుతూ ఉన్నదే సరైన బ్రేకు.

అంత చేశాక కూడా నెట్ కుడికే జరుగుతుంటే కాగితం పరీక్ష, రోల్ చివర్ల గ్యాప్, పరిచే రోలరు గాళ్లు.

గడ్డివాము

రోల్ ఎక్కించిన దిక్కు కూడా ఒకసారి చూడండి. చాలా రోళ్ల మీద ఏ చివర ఎటువైపు ఉండాలో రంగు గుర్తు గానీ, బొమ్మ గానీ ఉంటుంది. తిప్పి ఎక్కిస్తే నెట్ రోల్ కిందనుంచి రావాల్సింది పైనుంచి వస్తుంది, పరిచే రోలరుని సరిగా చుట్టి వెళ్లదు. బేలర్ పెట్టె లోపల అతికించిన బొమ్మతో పోల్చుకోండి, చుట్టూ తిరిగే ఆ దారిలో ఒక్క కడ్డీ తప్పినా పరవడం పోతుంది.

రోల్‌ని నిలబెట్టి నేల మీద కొట్టడం, అంచు మీద దొర్లించడం వల్ల చివరి గొలుసు దారాలు లోపల పదుల పొరల దాకా నలుగుతాయి. అలా నలిగిన చోట ప్రతి చుట్టులోనూ అదే అంచు తెగుతూ వస్తుంది, అప్పుడు ఏ సర్దుబాటూ పనిచేయదు. మిగిలిపోయిన రోల్‌ని పెట్టెలో వదిలేయకుండా, సీజన్ అయ్యాక తీసి, ఎండ తగలని చోట ఎలుకలకి అందకుండా పెట్టండి. రోలర్ల స్ప్రింగులు కూడా అప్పుడు వదులు చేయాలి. నెలల తరబడి ఒకే చోట నొక్కుకుని ఉంటే రబ్బరు మీద చదును పడుతుంది, వచ్చే సీజన్‌లో ప్రతి తిరుగుడికి ఒకసారి నెట్ జారుతుంది.

బెల్టు_బేరింగు

చదును పడిందో లేదో ఇప్పుడే తెలుసుకోవచ్చు. కాగితం పరీక్షని రోలరుని పావు తిరుగుడు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చేయండి. మూడు చోట్ల గట్టిగా, ఒక చోట సులువుగా వస్తే అక్కడే చదును ఉంది.